పులికి ఎన్ని తులాలు?

మన నవలల్లో జమీందారు ఉన్నాడంటే ఆయనగారి హాల్లో గోడకి పులితల వేలాడుతూ ఉండి తీరాలి. దాని కింద పడక్కుర్చీ, పక్కన హుక్కా, మూల జంటగొట్టాల తుపాకి. "ఒక్క గుండుదెబ్బకి పెద్దపులి నేలకొరిగింది" అని ఒక్క వాక్యంలో పని తేల్చేసి, రచయిత్రి హాయిగా నాయిక కన్నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ గుండు ఎంత బరువుంటుంది, ఎంత ఊపున వెళుతుంది, అంత పెద్ద జంతువుని పడగొట్టడానికి అసలు ఎంత బలం కావాలి అని ఎవరూ అడగరు. ఈమధ్య ఒక కథ కోసం నేను ఆ లెక్క వెతకవలసి వచ్చింది. మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే అనుకుంటూనే మొదలుపెట్టాను. తీరా లోపలికి వెళితే అందులో నవాబులూ, లాటుదొరలూ, ఆస్ట్రియా యువరాజూ ఉన్నారు. అందరికన్నా వెనకాల, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళూ ఉన్నారు.

మా అల్మాస్‌గూడ చుట్టుపక్కల ఇప్పుడు వేటన్నది అద్దె ఇంటి కోసమే. అల్మాస్ అంటే వజ్రమట. ఇవాళ ఇక్కడ గజం ధర వింటే ఆ పేరు సరిగానే పెట్టారనిపిస్తుంది. కానీ ఇది ఒకప్పటి వేట నేల. కూతవేటు దూరంలోని కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి స్థలపురాణమే వేటతో మొదలవుతుంది. కాకతీయ ప్రోలరాజు వేటకొచ్చి, అలిసి చెట్టుకింద కూర్చుంటే పొదల్లోంచి రామనామం వినిపించిందనీ, వెతికితే స్వామి విగ్రహం కనిపించిందనీ చెబుతారు. ఇటు బి.ఎన్.రెడ్డి నగర్ దాటి విజయవాడ రోడ్డు వైపు వెళితే వనస్థలిపురం జింకల పార్కు. మహావీర్ హరిణ వనస్థలి అని 1975లో పేరు పెట్టి రక్షించకముందు అది నిజాం నవాబుల సొంత వేటమైదానం. ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి పాప్‌కార్న్ తింటూ చూసే ఆ కృష్ణజింకల తాతముత్తాతలు, నవాబుగారి అతిథుల వినోదం కోసం ప్రాణాలు చేతపట్టుకుని పరిగెత్తినవే.

నవాబుల్లో వేటకి పేరు మోసినవాడు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. మూడేళ్ళ పసివాడిగా 1869లో గద్దెనెక్కి 1911 దాకా ఏలాడు. ముప్ఫై పులుల్ని మించి చంపాడు గనక జనం ఆయన్ని 'తీస్ మార్ ఖాన్' అన్నారని చెప్పుకుంటారు. ఇప్పుడు మనం గొప్పలు పోయేవాణ్ణి వెక్కిరించడానికి వాడుతున్న మాట, ఆయన విషయంలో మటుకు ఉత్త లెక్క. ఆయన ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్. 1902లో వైస్రాయి కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చి, వరంగల్ దగ్గర నెక్కొండ అడవిలో పులిని కొట్టినప్పుడు తీసిన ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. తుపాకీతో లాటుదొర, పక్కన నిండుగా దుస్తులు వేసుకుని దొరసానిగారు, కాళ్ళముందు పులి. దొరసాని మొహంలో సంతోషం వెతికితే నాకు దొరకలేదు. ఎండ అయి ఉండాలి, ఏప్రిల్ నెల.

ఆ పులి దానంతటదే వచ్చి తుపాకీ ముందు నిలబడలేదు. దాన్ని అక్కడికి తోలడానికి ఊళ్ళకి ఊళ్ళు కదిలేవి. దున్నపోతుని ఎర కడతారు. పులి దాన్ని తిని పడుకున్న తావు చూసుకుని, ఒక పక్క మంచెల మీద దొరలు కూర్చుంటారు. మిగతా మూడు పక్కల నుంచీ డప్పులూ డబ్బాలూ మోగిస్తూ, కేకలు వేస్తూ మనుషులు నడుచుకుంటూ వస్తారు. దీన్ని హాకా అంటారు. మంచె మీద ఉన్నవాడికి తుపాకి. హాకా వాడికి కర్రా, డప్పూ. ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. తూటాకి బలం చాలక పులి గాయపడి, చావకుండా వెనక్కి తిరిగిందనుకోండి. అది ఎవరి మీదికి వెళుతుంది? అందుకే తూటా బలం అన్నది దొరల క్లబ్బు కబుర్లకి మాత్రమే సంబంధించిన సంగతి కాదు.

బలం లెక్క కష్టమేమీ కాదు. శాస్త్రజ్ఞులు శక్తిని జౌల్స్‌లో కొలుస్తారు. జౌళి కాదండోయ్, జౌల్! నూరు గ్రాముల వెన్నముద్దని గచ్చు మీంచి మీటరెత్తు ఉట్టిలోకి ఎత్తితే ఖర్చయ్యేది ఒక జౌల్. మూడు కిలోల రోకలిని మీటరెత్తు నుంచి వదిలితే రోట్లో పడే దెబ్బ దాదాపు ముప్ఫై జౌల్స్. ఇక త్రీనాట్‌త్రీ రైఫిల్ చూడండి. పోలీసుల చేతుల్లో మనమంతా ఏళ్ళ తరబడి చూసినదే. దాని గుండు బరువు 11.3 గ్రాములు, అంటే పాత తులానికి ఓ వీసమెత్తు తక్కువ. అది గొట్టంలోంచి సెకనుకి 740 మీటర్ల పైచిలుకు వేగంతో బయలుదేరుతుంది. దాని శక్తి సుమారు 3,100 జౌల్స్. నూరు రోకటిపోట్లు, రెప్పపాటు కూడా పట్టని వ్యవధిలో, ఒక్క చిటికెనవేలంత చోట!

ఇందులో కిటుకంతా వేగానిది. గుండు బరువు రెట్టింపు చేస్తే శక్తి రెట్టింపవుతుంది, అంతే. వేగం రెట్టింపు చేస్తే నాలుగింతలవుతుంది. ఈ సంగతి పాతకాలం వేటగాళ్ళకి తెలియక కాదు, నల్లమందుతో గుండుకి అంత వేగం తేవడం సాధ్యం కాక, బరువు పెంచుకుంటూ పోయారు. పన్నెండు బోరు తుపాకి అంటాం కదా, పౌను సీసంతో ఎన్ని గుండ్లు వస్తే అన్ని బోర్లని అర్థం. పౌనుకి పన్నెండు వస్తే పన్నెండు బోరు. నాలుగే వస్తే నాలుగు బోరు. మైసూరు అడవుల్లో ఏనుగుల్ని పట్టిన శాండర్సన్ దొర వాడిన తుపాకుల్లో నాలుగు బోరుది ఒకటి. దాని గుండు పావు పౌను, అంటే పది తులాలకి దగ్గర. కాసులపేరు బరువున్న సీసం! పేల్చినవాడి భుజం సంగతి ఆ దేవుడికే తెలియాలి. పైగా పేలగానే కమ్ముకునే తెల్లటి పొగలో ముందున్న జంతువు పడిందో, మీదికే వస్తోందో కనపడేది కాదు.

1890ల నాటికి పొగరాని మందు వచ్చింది. గుండు సన్నబడింది, వేగం పెరిగింది. మహబూబ్ పాషా వేటాడిన కాలం సరిగ్గా ఈ రెండు యుగాల సంధి. 1898లో ఇంగ్లండులో రిగ్బీ కంపెనీ 450 కాలిబరు కొత్త రైఫిల్ తెచ్చింది. దాంతో ఏనుగైనా, అడవిదున్నైనా ఇక చింతలేదని దొరలు మురిసిపోయారు. ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. 1907లో సర్కారు ఆ కాలిబరుని ఇండియాలోనూ, సూడాన్‌లోనూ నిషేధించింది. ఏనుగుల మీద జాలితో కాదు. తిరుగుబాటుదార్ల దగ్గరున్న పాత మార్టినీ-హెన్రీ తుపాకులదీ 450 కాలిబరే. దొరల వేట గుండ్లు వాటికి పనికొస్తే కొంప మునుగుతుందని భయం. దాంతో కంపెనీలు హడావిడిగా 465, 470, 476 అంటూ కొత్త కొలతలు పుట్టించాయి. వేట తుపాకుల చరిత్రలో కూడా మన స్వాతంత్ర్యం భయం ఎలా దూరిందో చూడండి! ఆ 470 గుండు మూడు తులాలకి కొంచెం తక్కువ, బలం 6,900 జౌల్స్ పైన. ఏనుగు తుపాకుల్లో పెద్దన్న అనదగ్గ 600 రైఫిల్‌కి అయిదు తులాల గుండు, పదివేల జౌల్స్ పైచిలుకు.

ఇన్ని అంకెలు వినేసరికి గుండె దడదడలాడుతుంది గానీ, స్టవ్వు దగ్గర నిలబడి ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. త్రీనాట్‌త్రీ తూటా శక్తినంతా గ్లాసుడు నీళ్ళలో పోస్తే ఆ నీళ్ళు నాలుగు డిగ్రీలు కూడా వేడెక్కవు. 600 రైఫిల్‌దైనా పన్నెండు డిగ్రీలే. కప్పు కాఫీకి చాలదు. ఒక్క మేరీ బిస్కెట్లో ఉన్న శక్తి పది ఏనుగు తూటాలకి మించినది. మరి బిస్కెట్ తిన్న పిల్లాడు చావడు, తూటా తగిలిన ఏనుగు చస్తుంది. అంటే చంపేది ఆ శక్తి పరిమాణం కాదన్నమాట. అది ఎక్కడ తగిలింది, ఎంత లోపలికి వెళ్ళింది అన్నదే ముఖ్యం. అప్పడాల కర్ర వేలి మీద పడితే కమిలి ఊరుకుంటుంది. సూది అందులో నూరోవంతు బలంతో గోరు కిందికి దిగిపోతుంది. బాణం చూడండి. దాని శక్తి నూరు జౌల్స్ లోపే, అయినా పదునైన ములికి లోపల కోసుకుంటూ పోతుంది గనక నల్లమలలో చెంచులు తరతరాలుగా దాంతోనే వేటాడారు.

ఈ సంగతిని చాలా క్రూరంగా రుజువు చేసినవాడు బెల్ అనే స్కాట్లండు దొర. ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. వాటిలో చాలావాటిని ఏడు మిల్లీమీటర్ల చిన్న రైఫిల్‌తోనే. దాని బలం మూడువేల జౌల్స్ లోపు. ఏనుగు పుర్రెని రంపంతో నిలువునా కోయించి మెదడు ఏ మూల, ఏ కోణంలో ఉంటుందో నేర్చుకున్నాడట. మిగతా దొరలు పది తులాల గుండ్లతో ఎముకలు విరగ్గొడుతుంటే, ఈయన తులం గుండుని పట్టుకెళ్ళి ఆ పిడికెడు చోట పెట్టాడు. దాంతో 'చిన్న తూటా చాలు' అనేవాళ్ళకి ఆయన దేవుడైపోయాడు. 'బెల్‌కి చాలుతుంది, నీకు చాలదు' అనేవాళ్ళు రెండో పక్షం. ఈ తగువు ఈనాటికీ తెగలేదు. నేనైతే రెండో పక్షమే. బెల్ లాంటివాడు నూటికో కోటికో ఒకడు. మంచె మీద కూర్చున్న నవాబుగారి అతిథి, ఫలహారం చేసి, చెమట తుడుచుకుంటూ, కంగారుపడుతూ పేలుస్తాడు. దశరథుడంతటివాడి బాణమే బలం చాలకా కాదు, గురి తప్పీ కాదు, చూపు ఆనక శ్రవణకుమారుడికి తగిలింది కదా.

ఇతర దేశాల్లో ఈ తగువుని చట్టంతో సర్దారు. నమీబియాలో చిన్నరకం జింకకి కనీసం 1,350 జౌల్స్, గుర్రమంత జింకలకి 2,700, అడవిదున్నకీ ఏనుగుకీ 5,400 ఉండాలని నియమం. జర్మనీలో దుప్పిలాంటి చిన్నదానికి నూరు మీటర్ల దూరంలో ఇంకా 1,000 జౌల్స్ మిగలాలి, పెద్దవాటికి 2,000. నమీబియా లెక్కలో మన వనస్థలి కృష్ణజింక మొదటి మెట్టులో వస్తుంది, ముప్ఫై నలభై కిలోల ప్రాణి గదా. ఈ నియమాలన్నిటి వెనకా ఉన్నది ఒకటే మాట: చంపితే చంపావు, కుంటిదాన్ని చేసి వదలకు.

ఎందుకంటే, వదిలిన దాని ఖర్చు ఎక్కడో తేలుతుంది. నేపాల్‌లోనూ కుమావూఁలోనూ కలిపి 436 మందిని పొట్టన పెట్టుకున్న చంపావత్ ఆడపులిని 1907లో జిమ్ కార్బెట్ చంపాడు. చంపాక నోరు తెరిచి చూస్తే కుడివైపు పైకోరా, కింది కోరా విరిగి ఉన్నాయి. ఎప్పుడో, ఎవరో పేల్చిన తుపాకిదెబ్బ. ఆ కోరలు లేక అది జింకల్ని పట్టలేకపోయింది. ఆ పేల్చినవాడి పేరు చరిత్రలో లేదు. బహుశా ఆ సాయంత్రం "తగిలింది గానీ తప్పించుకుంది" అని నలుగురికీ చెప్పుకుని నిద్రపోయి ఉంటాడు. కార్బెట్ రాసిన ఆ కథ చదివితే, పులివాత పడ్డవాళ్ళు ఎక్కడెక్కడ పడ్డారో గమనించండి. పశువులకి ఆకు కోస్తూ చెట్టుమీద, గడ్డి కోస్తూ గట్టుమీద, కట్టెలు ఏరుతూ. ఆ పనులు ఎవరు చేస్తారో నేను చెప్పాలా? అక్కచెల్లెళ్ళు ఇద్దరు వెళితే ఒకామె తిరిగి వస్తుంది, ఆమెకి మాట పడిపోయి ఉంటుంది. ఒక తూటా రెండంగుళాలు పక్కకి పోయిన ఫలితం అది.

మనవైపు అడవుల్లో ఇలాంటివాటి వెంట తిరిగినవాడు బెంగుళూరు కెన్నెత్ ఆండర్సన్. అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు, నల్లమలలో దిగువమెట్ట రైలుస్టేషను, ఇవన్నీ ఆయన పుస్తకాల్లో ఊరి పేర్లతో సహా ఉంటాయి. ఆయన చేతిలో ఉండేది 405 వించెస్టర్, రమారమి 4,300 జౌల్స్. పులికి అది పుష్కలం. పులి రెండు క్వింటాళ్ళ ప్రాణి, ఏనుగులాగా ఎముకల కోట కాదు. అయినా ఆయన పేజీల నిండా భయమే. గాయపడ్డ జంతువు రక్తపు చుక్కల వెంట పొదలోకి వెళ్ళడం, ప్రతి ఆకునీ అనుమానించడం. వేటకథల్లో నిజాయితీ ఎక్కడుందంటే అక్కడ ఉంది.

బలం చాలకపోతే ఒక అనర్థం, ఎక్కువైతే ఇంకోటి. హైదరాబాదు నవాబుల ఇంకో వినోదం చీతాలతో కృష్ణజింకల్ని వేటాడించడం. పెంపుడు చీతాని కళ్ళకి గంతలు కట్టి బండిలో తెచ్చి, మంద కనపడగానే గంతలు విప్పేవాళ్ళు. ఆ చీతాలు ఏమయ్యాయి? 1947లో ఛత్తీస్‌గఢ్ వైపు కొరియా సంస్థానపు రాజు రాత్రిపూట కారు దీపాల వెలుగులో మూడింటిని కాల్చాడు. మొదటి గుండుకి ఒకటి పడింది. రెండో గుండు ఒకదాన్ని దాటుకుని వెనకున్న దాన్ని కూడా చంపిందట. రెండు గుండ్లకి మూడు చీతాలు! 1952లో దేశంలో ఆ జాతి అంతరించిందని ప్రకటించారు.

ఆస్ట్రియా యువరాజు సంగతి చెబుతానన్నాను. 1893 జనవరిలో ఫ్రాంజ్ ఫెర్డినాండ్ నిజాం అతిథిగా హైదరాబాదు వచ్చి వేటాడి వెళ్ళాడు. అప్పటికి ఇరవైతొమ్మిదేళ్ళవాడు. ఆ మనిషికి వేట ఒక జబ్బు. జీవితంలో చంపిన ప్రాణుల పద్దు రెండు లక్షల డెబ్భైనాలుగు వేలు దాటిందంటారు, పక్షులతో సహా. 1914 జూన్ 28న సారయేవోలో పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఆయన్నీ, భార్య సోఫీనీ చిన్న పిస్తోలుతో కాల్చాడు. గుండు అర తులం. బలం 260 జౌల్స్, అంటే తొమ్మిది రోకటిపోట్లు. పులికి కాదు సరికదా, జింకకి కూడా చాలదని ఏ వేటగాడైనా కొట్టిపారేసే తూటా. ఆయనకి మెడలో తగిలింది. ఆవిడకి కడుపులో. ఆ తర్వాత నెల తిరక్కుండా ప్రపంచయుద్ధం.

పులివేట మనదేశంలో 1970లో ఆగింది, 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. ఇప్పుడు మా ప్రాంతంలో తూటా బలం గురించి రోజూ ఆలోచించేవాళ్ళు లేకపోలేదు. పక్కనే కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ లోహ పరిశోధనశాల యుద్ధ ట్యాంకుల కోసం తయారుచేసిన కవచానికి ఆ పేట పేరుమీదే 'కంచన్' అని పేరు పెట్టారు. తూటా ఎంత లోపలికి పోతుందో కాదు, ఎక్కడ ఆగుతుందో లెక్కకట్టేవాళ్ళు వీళ్ళు. ఇక మామూలు మనుషులకి 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గాలి తుపాకి శక్తి ఇరవై జౌల్స్ దాటితే లైసెన్సు కావాలి. ఆ లెక్కన మన రోకలికీ కావాలి. చట్టం చేసినవాళ్ళు వంటింటివైపు రాలేదు కాబోలు.

2024లో శంషాబాద్ విమానాశ్రయం ఆవరణలోకి చిరుతపులి వచ్చినప్పుడు ఎవరూ మంచె కట్టలేదు. బోను పెట్టారు, మేకని ఎరవేశారు, కొన్ని రోజులు ఓపిక పట్టారు, చిక్కింది. బోనుకి చిక్కకపోతే మత్తుసూది తుపాకి ఉండనే ఉంది. అందులో లెక్క తలకిందులు. సూది చర్మం దాటి కండలోకి దిగేంత వేగం మాత్రమే ఉండాలి. కాస్త ఎక్కువైతే ఎముక విరుగుతుంది, లేదా లోపలికే దూసుకుపోతుంది. తక్కువైతే తగిలి కింద పడిపోతుంది. అందుకని పశువైద్యుడు దూరాన్ని కంటితో కొలిచి, దానికి తగ్గట్టు గాలి ఒత్తిడి సర్దుకుని, తొడకో భుజానికో గురి చూస్తాడు. సూది దిగాక కూడా మత్తెక్కడానికి నిమిషాలు పడుతుంది, అంతసేపూ అది ఎటు పరిగెడుతుందో చూస్తూ ఉండాలి. మందు మోతాదు జంతువు బరువుని బట్టి. త్రాసెక్కమంటే పులి ఎక్కుతుందా? దూరాన్నుంచి చూసి, "ఇది అరవై కిలోలుంటుంది, దీనికి ఇంత" అని అంచనా కడతాడు, జ్వరంతో పడుకున్న పిల్లాణ్ణి చూసి అర చెంచానా, ముప్పావు చెంచానా అని మనం తేల్చుకునేటట్టుగా.